మా ఇంటి వన్సుమోరు

మా ముత్తాత తండ్రిని తెల్లగుర్రం రెడ్డి అనేవారు. కుందూ నది పక్కన పదకొండు ఊళ్లకు ఆయన మాటే తీర్పు. ఆయన కొడుకును చావడి రెడ్డి అనేవారు. ఊరి నడుమ రాతి కంబాల చావడి కట్టించింది ఆయనే. ఆ చావడి రెడ్డి కొడుకు, అంటే మా జేజినాయన, ఒట్టి రెడ్డి. పేరు ముందు తగిలించడానికి గుర్రమూ లేదు, కొత్తగా కట్టించిందీ లేదు. అయినా ఆయన వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. ఆయన కొడుకు, మా నాయన, నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఆ వంశంలో మిగిలింది నేనొక్కదాన్నే.

ఇదంతా గొప్పలకు చెప్పడం లేదు. ఆ ఇల్లు ఏ ఇల్లో తెలియకపోతే, ఆ ఇంటికి ఉండిన ఒక హక్కు సంగతి ఇప్పటివాళ్లకు నవ్వులాటగా తోస్తుంది.

పోయిన వారం కర్నూలులో నేనుండే ఇంటికి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి వచ్చారు. కర్నూలు కుర్రవాళ్లు కొందరు కలిసి నాటక సంఘం పెట్టుకున్నారట. రాబోయే నెలల్లో ఆడబోయే నాటకాల పట్టిక అచ్చు వేయించి ఇంటింటికీ పంచుతున్నారు. అయిదు నాటకాలు. రెండింటి పక్కన 'మ్యూజికల్' అని ఉంది.

"అంటే ఏమిటమ్మా?" అని అడిగాను.

"మధ్యమధ్యలో పాడతారు అవ్వా."

"పాడకపోతే దాన్ని నాటకం అని ఎట్లా అంటారు?"

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు, నిజంగానే అడిగాను. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకొక మాట ఉంది: ప్రదర్శన మధ్యలో వన్స్ మోర్ అని అరవవద్దని మనవి.

"మీ నాటకాల్లో వన్స్ మోర్ మొదట ఎవరంటారు?" అన్నాను.

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. "ఎవరైనా అంటారు కదా అవ్వా. మొదట ఫలానావాళ్లే అనాలని ఉంటుందా?" అన్నాడు అబ్బాయి.

ఉండేది. మా ఊళ్లో అది మాది. వాళ్లకు అంత కథ చెప్పే ఓపిక లేక, అయిదింటికీ టికెట్లు తీసుకుని పంపించాను. తలుపు వేసుకున్నాక నా చిన్నప్పటి ఒక ఏటి సంగతులన్నీ ఒకటొకటిగా గుర్తుకు వచ్చాయి.

వేరుశెనక్కాయలు పీకి, కాయలు రాల్చిన కట్టెను వాములు వేసేసిన తరువాత మా ఊరికి తీరిక. ఎక్కడ చూసినా ఎండిన కాయల వాసన, మట్టి వాసన. అప్పుడు ఊరి నాటక సమాజంవాళ్లు చావడిలో కూడి, ఆ ఏడు ఆడబోయే మూడు నాటకాలు కుదుర్చుకునేవాళ్లు. సమాజం అంటే పెద్దగా ఏమీ లేదు. ఆడవేషాలు కట్టే దర్జీ, రాజు వేషాలు కట్టే వడ్రంగి, ఇంకొక పదిమంది రైతులు, హార్మోనియం వాయించే కళాయి సాయిబు. నాటకాల కాలం వచ్చిందని మా ఊళ్లో పంచాంగం చూసి తెలుసుకునే పని లేదు. దర్జీ మీసం తీసేస్తే వచ్చినట్టే. ఆ రోజు వాళ్లింట్లో పొయ్యి వెలిగేది కాదని, మీసం లేని మొగుడికి సంగటి వండనని ఆయన భార్య శపథం పట్టేదని మా జేజి చెప్పి నవ్వేది.

నాటకం అంటే పద్యాలే. ఎవరెంత బాగా పాడినా జనం నోరు కట్టుకుని కూర్చోవాలి. మా ఇంటి పెద్ద కుడిచెయ్యి ఎత్తి "వన్సుమోరు" అనాలి. అప్పుడు ఊరంతా అరిచేది, పాడినవాడు పద్యం మళ్లీ ఎత్తుకునేవాడు. మా ఇల్లు అనకపోతే ఊరు అనదు. కొత్త నాటకం ఏదైనా ఆ ఏటి పట్టీలోకి ఎక్కాలంటే, అందులోని ఒక్క పద్యానికైనా చావడిలో మా ఇంటి వన్సుమోరు పడాలి. చావడి రెడ్డి కాలం నుంచీ అదే పద్ధతి.

నేను చిన్నప్పుడు వన్సుమోరు ఒక ఊరనుకున్నాను. మైదుకూరు, నందికొట్కూరు విన్న చెవికి వన్సుమూరు అనే వినపడింది. పైగా "వన్సుమోరు రెడ్డోళ్లది" అని అందరూ అనేవాళ్లు. మా పదకొండు ఊళ్లు ఒకటొకటిగా చేజారిపోయాయని తెలుసు. ఈ పన్నెండోది మాత్రం మిగిలి ఉందని లోలోపల ధైర్యంగా ఉండేది.

ఆ సంగతి కళాయి సాయిబును అడిగాను. ఆయన మా పెరట్లో గుంత తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తితో గాలి కొడుతూ మా రాగి గుండిగలకు కళాయి వేస్తున్నాడు. ఎర్రగా కాలిన గుండిగలో నవాసాగరం చల్లితే బుస్సుమని తెల్లటి పొగ లేచేది. ముక్కు మండిపోయేది, అయినా అక్కడి నుంచి కదలబుద్ధి అయ్యేది కాదు. తగరం ముక్క తాకించి పత్తితో ఒక్క చుట్టు తిప్పితే నల్లటి గుండిగ లోపల వెన్నెల కాసినట్టయ్యేది.

"సాయిబు మామా, వన్సుమూరు యాడ ఉండాది?"

"ఏ ఊరు పాపా?"

"వన్సుమూరు. మా జేజినాయన ఊరు."

తిత్తి ఆగింది. ఆయన నా వైపు చూసి, గడ్డం గోక్కుని, చాలా గంభీరంగా చెప్పాడు. "ఆ ఊరా! బనగానపల్లె దాటి, మామిడితోపులన్నీ దాటి, ఇంగా పోవాల."

"నువ్వు పోయినావా?"

"పోకేమి, శానాసార్లు పోయినా. ఆ ఊర్లో ఎవురినీ శానాసేపు ఉండనియ్యరు పాపా. పాడిందే ఇంకోసారి పాడిచ్చుకోని ఎలగొడతారు."

నేను పోయి జేజిని అడిగితే ఆమె జొన్నరొట్టె తట్టడం ఆపి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "ఓసి పిచ్చిముండా, అది ఇంగిలీసు మాటే. మళ్లా పాడప్పా అని." ఆ రోజు నేను రొట్టె తినలేదు. ఉన్న ఒక్క ఊరూ పోయింది.

అప్పటి నుంచి ఆ మాట మీద నాకు ఆరా ఎక్కువయింది. ఊరు కానిదాన్ని ఊరంతా ఎందుకంత గౌరవిస్తున్నారు? జేజినాయన ఏ పద్యానికి చెయ్యెత్తుతాడు, ఏ పద్యానికి ఎత్తడు? ఆ ఏడు నాకు పదకొండేళ్లు. నాటకాలు ఇంకా కుదరకముందే, గొంతులు సరిచేసుకోవడానికి మధ్యాహ్నాలు చావడిలో పాత పద్యాల రిహార్సళ్లు జరిగేవి. జేజినాయన పెద్ద కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు, నేను ఆయన పక్కన పీట మీద. ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. నాలుగు రోజుల్లో ఒక సంగతి కనిపెట్టాను. ఆయన పాడేవాళ్లను చూడడం లేదు. సాయిబును చూస్తున్నాడు. పద్యం బాగా వచ్చినప్పుడు సాయిబు ఎడమచేత్తో తన తెల్లటోపీని నుదుటి మీద నుంచి కొంచెం వెనక్కి నెట్టేవాడు. ఆ వెంటనే జేజినాయన చెయ్యి లేచేది. టోపీ కదలకపోతే చెయ్యీ కదిలేది కాదు.

ఇది నిజమో కాదో తేల్చుకోవాలనిపించింది. మరునాడు సాయిబు నమాజుకు ముందు మా బావి దగ్గర టోపీ తీసి, గట్టు మీద పెట్టి, ముఖం కడుక్కుంటున్నాడు. టోపీ తీసుకుపోయి జొన్నల గరిసెలో దాచాను. ఆయన వెతికి వెతికి, చివరకు తలకు తుండుగుడ్డ చుట్టుకుని నమాజు చేసుకున్నాడు. ఆ గుడ్డతోనే వచ్చి హార్మోనియం ముందు కూర్చున్నాడు.

ఆ రోజు దర్జీ పాడినట్టు అంతకుముందెప్పుడూ పాడలేదు. వడ్రంగి కళ్లు తుడుచుకున్నాడు. సాయిబు చెయ్యి రెండుసార్లు నుదుటి దాకా వెళ్లి, తుండుగుడ్డ తగిలి, దిగిపోయింది. జేజినాయన కదలలేదు. రాయిలా కూర్చున్నాడు. దర్జీ మొహం మాడిపోయింది. "నేనేం తప్పు పాడినా రెడ్డీ?" అని కూడా అడగలేక, మూతి మీద లేని మీసం తడుముకుంటూ పోయాడు.

నాకు భయం వేసింది. సాయంత్రం టోపీ తీసుకుని సాయిబు ఇంటికి వెళ్లాను. ఆయన దాన్ని వాసన చూసి, "జొన్నల్లో పెట్టినావా" అన్నాడు. అరవలేదు.

"మామా, జేజినాయనకు వినపడదా?"

ఆయన తలుపు దగ్గరికి వేశాడు. "పాపా, ఈ మాట నీ నోట్లోనించి బయటికి రాగూడదు. మూడేండ్లయింది. మనిషి దగ్గరికొచ్చి మాట్లాడితే పెదాలు చూసి తెలుసుకుంటాడు. పద్యం వినపళ్లేదు."

"మల్ల నువ్వెందుకు చెప్తాండావు ఆయప్పకు?"

"నాకు సంగీతం యాడిది? నేను కళాయి ఏసేటోన్ని. ఈ చావిట్లో తప్పు పాడినప్పుడల్లా మీ జేజినాయన 'ఊహూఁ' అనె. బాగుంటే చెయ్యెత్తె. ఇరవై ఏండ్లు అట్ల నేర్చుకున్నా. ఆయప్ప చెవే గదా నా తలకాయలో ఉండేది. ఆయప్పది ఆయప్పకిస్తాండా."

ఈ ఏడు ఆడమని సమాజంవాళ్లను అడిగి ఉంచిన తన నాటకాన్ని ఆ రోజే ఆయన నాకు చూపించాడు. పాత బడి పుస్తకాల్లో, ఖాళీ ఉన్న చోటల్లా పెన్సిలుతో రాసుకున్నాడు. దేవుళ్లు లేరు, రాజులు లేరు. వాన రాని ఏడాది ఒక ఊళ్లో ఏం జరిగిందో, అంతే. నుయ్యి ఎండిన చోట నిలబడి ఒక ఆడమనిషి వానను పిలిచే పద్యం ఉంది. అలిగిన అల్లుడి మాదిరి పొలిమేరలోనే నిలబడిపోతివి, కాళ్లకు నీళ్లిద్దామంటే నీళ్లే లేవు, ఎట్లా పిలిచేది నిన్ను అంటుంది ఆమె. సాయిబు మెల్లగా పాడి వినిపించాడు. మధ్యలో దగ్గు వచ్చింది.

"ఈ నవాసాగరం పొగ నా గొంతు తినేస్తాండాది పాపా. ఈ ఏడన్నా ఇది పట్టీలోకి ఎక్కితే నేను కూర్చోని వాయించి, పాడి నేర్పిస్తా. పై ఏటికి ఈ గొంతు ఉంటాదో లేదో."

"నీ పద్యానికి టోపీ ఎవరు జరుపుతారు మామా?"

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "ఎవురూ జరపరు. నా పద్యం బాగుందని నేనే సైగ చేసుకుంటే అది దొంగతనం."

అదే సమయానికి ఊరికి ఇంకొక ఆశ పుట్టింది. మైదుకూరు దోవలో శెనక్కాయల మిల్లు పెట్టిన సావుకారు ఒకాయన వచ్చి, సమాజానికి కొత్త పరదాలు, కరెంటు లైట్లు, మైకు తానే పెట్టిస్తానన్నాడు. ఒకటే షరతు. మూడో నాటకంగా, తాను కడపలో చూసి వచ్చిన నాటకం ఆడాలి. దానికి వేషాలు కట్టే ఆడవాళ్లను కూడా కడప నుంచి పిలిపిస్తానన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ నాటకం గురించి చెబుతుంటే ఆయన కళ్లు మెరిసేవి. పాత పరదాలు చిరిగి, రాజమహలు పరదాలో ఏనుగు తొండం ఎప్పుడో ఊడిపోయింది. మైకు అనగానే వడ్రంగి కూడా మెత్తబడ్డాడు.

"సాయిబు నాటకం సంగతేంది మల్ల?" అన్నాడు దర్జీ ఒక్కడే.

"చావిట్లో చదవనీ. రెడ్డి వన్సుమోరు పడితే సాయిబుది, పడకుంటే సావుకారుది" అన్నారు. అందరూ ఒప్పుకున్నారు. సావుకారు కూడా.

ఆ రోజు మా ఇంట్లో తెల్లవారుజాము నుంచే ఉగ్గాని తయారవుతోంది. నానబెట్టిన బొరుగులు, వేయించిన శెనగపప్పు పొడి, నిమ్మరసం, పక్కన మిరపకాయ బజ్జీలు. నాటకాలు కుదిర్చే రోజున చావడికి వచ్చినవాళ్లకు మా ఇంటి నుంచే పలహారం వెళ్లాలి, అది కూడా పద్ధతే. మోదుగాకుల్లో పెట్టి పంచుతుంటే నూనె వాసనకు ఊళ్లోని కుక్కలన్నీ చావడి మెట్ల దగ్గర చేరాయి. మొదటి రెండు నాటకాలకు గొడవ లేదు. పాతవే, యుద్ధంతో ముగిసేదొకటి, పెళ్లితో ముగిసేదొకటి.

"ఇంగ కానీ సాయిబూ" అన్నారు.

సాయిబు హార్మోనియం దగ్గరికి జరుపుకున్నాడు. టోపీ తీసి మడిచి, పెట్టె మీద పెట్టాడు. ఒట్టి తలతో ఆయన్ను నేను చావడిలో ఎప్పుడూ చూడలేదు. జేజినాయన కూడా ఆ టోపీ వైపే చూశాడు.

ఆయన ఆ వాన పద్యమే ఎత్తుకున్నాడు. మొదటి పాదం అయ్యేసరికి ఆకులు నలిగే చప్పుడు కూడా ఆగిపోయింది. రెండో పాదంలో గొంతు పట్టేసింది. దగ్గు మింగి మళ్లీ అందుకున్నాడు. చివరి రాగం తీసి వదిలేటప్పటికి, పోయిన కరువులో ఎడ్లను అమ్ముకున్న ఒక ముసలాయన పైపంచె ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అందరూ జేజినాయన చెయ్యి చూస్తున్నారు. చెయ్యి కుర్చీ మీదే ఉంది.

ఆయన ఎదురుగా పోయి, పెదాలు కనపడేట్టు చెబుదామా? చెబితే ఆయన పరువు పోతుంది. ఊరుకుందామా? ఊరుకుంటే సాయిబు నాటకం పోతుంది. సావుకారు గొంతు సవరించుకున్నాడు. "మరి, రెడ్డి ఏమీ అనలేదు గదా..."

నేను లేచి నిలబడి, కుడిచెయ్యి ఎత్తి, "వన్సుమోరు!" అన్నాను.

మా ఊరి చావడిలో అంతకుముందు ఏ ఆడపిల్లా గొంతెత్తలేదు. అన్ని ముఖాలూ నా వైపు తిరిగాయి. ఆ ముఖాలను చూసి జేజినాయన కూడా తిరిగాడు. ఎత్తిన నా చెయ్యి చూశాడు.

"పిల్ల అంటే చెల్లుతాదా అప్పా?" అన్నాడు సావుకారు, అవతలి పక్క నుంచి. జేజినాయన నావైపే చూస్తున్నాడు. "రెడ్డీ, నిన్నే అడుగుతాండా. పిల్ల అంటే చెల్లుతాదా?"

జేజినాయన తల తిప్పలేదు. సావుకారు ముఖంలో ఏదో అర్థమవుతూ ఉండడం నాకు కనిపించింది. దర్జీ గబుక్కున, "ఉండప్పా సావుకారూ, ఆలోచన చేస్తాండాడు" అన్నాడు.

అప్పుడు జేజినాయన మాట్లాడాడు. ఆయన జవాబు చెప్పింది ఏ ప్రశ్నకో నాకు ఈనాటికీ తెలియదు.

"మా ఇంట్లోనించి వచ్చింది. వచ్చినాక ఇంగ అడిగేదేముంది? పాడప్పా సాయిబూ."

ఊరు అరిచిన అరుపుకు మెట్ల దగ్గర కుక్కలు పారిపోయాయి. సాయిబు మళ్లీ పాడాడు. సావుకారు లేచి, దండం పెట్టి, "మంచిది రెడ్డీ. మీ నాటకం మీరు ఆడించుకోండి. పద్యం మాత్రం బాగుండాది" అని వెళ్లిపోయాడు. ఆయనతో పాటు పరదాలూ లైట్లూ మైకూ వెళ్లిపోయాయి.

మోదుగాకులు ఏరుతుంటే దర్జీ నా దగ్గరికి వచ్చాడు. "మంచి పని చేస్తివి పాపా. మేమంతా ఉగ్గబట్టుకోని కూచున్నాం."

"మీరెందుకు ఉగ్గబట్టుకోవాల?"

"ఆయప్పకు వినపడదని ఊరంతా తెలుసు గద పాపా. సాయిబు టోపీ సంగతీ తెలుసు. ఎవురూ అనుకోం, అంతే. పెద్దాయప్ప."

సాయిబుకు, నాకు మాత్రమే తెలిసిన రహస్యం అనుకున్నాను. మూడేళ్లుగా ఊరంతా మాకు హక్కు మిగిలినట్టు నటిస్తోందన్నమాట. దర్జీ ప్రేమతోనే చెప్పాడు. ఆ ప్రేమ నాకు చెంపదెబ్బలా తగిలింది. మాది అనుకున్నది మాకు ఎవరో పెడుతున్నారు.

ఇంటికి వచ్చాక జేజినాయన కాళ్లు కడుక్కుని, నన్ను ఎదురుగా నిలబెట్టుకున్నాడు. నా పెదాలు చూస్తూ అడిగాడు. "నిజం చెప్పు. పద్యం బాగుండిందా, సాయిబు మీద అభిమానంతో అంటివా?"

"బాగుండింది. రెండో పాదంలో గొంతు పట్టేసింది. మల్ల అందుకున్నాడు."

"ఊఁ. రెండో పాదంలోనా." ఆయన ముఖం విప్పారింది. నన్ను అట్లా ఎప్పుడూ చూడలేదు. "టోపీ తీసి పెట్టినాడు, చూస్తివా? మగోడు. నేనూ చెవులు రిక్కించి చూసినా. చేతులు కదిలేది తప్ప ఏమీ అందలేదు."

నాకు దాచుకోవడం చేతకాలేదు. దర్జీ చెప్పింది చెప్పేశాను. "ఊరంతా తెలుసంట జేజినాయనా."

జేజి తెచ్చిన మంచినీళ్లు ఆయన తాగలేదు. చివరకు, "మూడేండ్లు వాళ్లు మనకు పెట్టినారు. ఈ ఏడు మనం పెడదాం" అన్నాడు.

మరునాడు సమాజంవాళ్లు వచ్చి, పరదాలు లేకపోతేనేమి, దుప్పట్లు కట్టుకుని ఆడతామన్నారు. జేజినాయన ఒప్పుకోలేదు. నంద్యాల నుంచి లైట్లు, మైకు తెప్పించి, పరదాలు గీసేవాణ్ని పిలిపించాడు. ఆ మనిషి మా వసారాలోనే ఇరవై రోజులు ఉండి, ఎండిన నుయ్యి, పగిలిన చేను, పొలిమేరలో మబ్బు గీశాడు. రంగుల్లో కలిపే జిగురు వాసన మా అన్నంలోకి కూడా వచ్చేది. నేను ఆయన తెల్లరంగు సఫేదా కొంత దొంగిలించి మా లేగదూడ ముఖానికి పూశాను. దర్జీ దాన్ని చూసి, తనకంటే అదే అందంగా ఉందని ఏడ్చినట్టు నటించాడు.

నాటకం పొద్దు వాలగానే మొదలైంది. సాయిబు పక్క నుంచి గొంతు అందిస్తుంటే దర్జీ వాన పద్యం పాడాడు. జేజినాయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను. మేమిద్దరం చెయ్యెత్తేలోపలే ఊరంతా ఒక్కసారిగా వన్సుమోరు అనేసింది. మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియలేదు, ఎవరూ అడగలేదు. జేజినాయన నోళ్లన్నీ తెరుచుకోవడం చూసి, ఎత్తబోయిన చెయ్యిని మీసం మీదికి పోనిచ్చాడు. ఆ తరువాతి ఏడు నుంచి మా ఊళ్లో ఎవరికి తోచినప్పుడు వాళ్లు అనేవాళ్లు. సాయిబు గొంతు ఆయన చెప్పినట్టే ఆ చలికాలంతో పోయింది. ఆయన నాటకం మాత్రం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చాలా ఏళ్లు ఆడారు.

ఆ పరదాలకు, లైట్లకు, మైకుకు వాగువంక పక్కన ఉండిన నాలుగెకరాల నల్లరేగడి చేను అమ్మాము. కొన్నది మిల్లు సావుకారు.